పొగ రాలేదు

డెన్జిల్ బొటనవేలు ఎక్కడ పడిందో ఎవరికీ దొరకలేదు. ఇద్దరు పెద్దవాళ్ళు గడ్డిలో మోకాళ్ళ మీద పాకుతూ వెతుకుతున్నారు. మూడో ఆయన ఐసు పెట్టెలోంచి కూల్‌డ్రింకులు బయటికి విసిరేస్తున్నాడు, వేలు దొరికితే అందులో పెట్టడానికి. డెన్జిల్ మాత్రం బల్లకాలికి ఆనుకుని నేలమీద కూర్చుని, తన కుడిచేతిని పరాయివాడి చేతిలా చూసుకుంటున్నాడు.

"తుపాకులన్నీ కింద పెట్టండి! చేతులు తియ్యండి వాటి మీంచి! ఒక్కడు ముట్టుకున్నా ఊరుకోను!" అని ఆర్వల్ అరుస్తున్నాడు. పాతకాలపు తుపాకులు కాల్చేవాళ్ళ క్లబ్బుకి ఆయన ప్రెసిడెంటు. వయసు మీదపడినా గొంతు తగ్గలేదు.

ట్వైలా బల్ల పక్కనే నిలబడి ఉంది. ఆమె చేతుల్లో ఖాళీ చెక్కపెట్టె. కాసేపటి క్రితం దాకా అందులో వాళ్ళ నాన్న రివాల్వర్ ఉంది. ఇప్పుడది బల్లమీద పడి ఉంది. దాని పైన ఉండే ఇనుప పట్టీ మెలితిరిగి ఆకాశంకేసి లేచిపోయింది. గుండ్లు కూరే సిలిండర్‌లో సగం లేనే లేదు.

ఆమెకి అరవాలనిపించలేదు, ఏడవాలనీ అనిపించలేదు. పెట్టె మూత సరిగ్గా పడలేదు, వెయ్యాలి అనుకుంది. వేసింది. ఆ తర్వాత ఒకటి గమనించింది.

పొగ రాలేదు.

పాతకాలపు నల్ల మందుగుండుతో కాల్చేవాళ్ళకి ముందు కనిపించేది పొగే. తెల్లగా, దుప్పటి దులిపినట్టు లేస్తుంది. కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. గాలి లేని రోజైతే ఆ పొగ పక్కకి జరిగేదాకా గురి తగిలిందో లేదో కాల్చినవాడికే తెలీదు. "మేం ముందు దగ్గుతాం, తర్వాత చూస్తాం" అని నాన్న నవ్వేవాడు. ఇవాళ ఓజార్క్ కొండల్లో ఆకు కూడా కదలడం లేదు. అయినా బల్ల చుట్టూ గాలి కడిగినట్టు ఉంది. చప్పుడు కూడా తేడాయే. పాత మందు గుమ్మటంలో దుంగ పడ్డట్టు మోగుతుంది. ఇది రేకు చీరినట్టు 'ఛట్'మంది.

పార్కింగు వైపు నుంచి గేలన్ పరుగెత్తుకొచ్చాడు. ట్వైలా మొగుడు. భుజాన తువ్వాలు, చేతిలో అప్పటికే నడుం నుంచి లాగేసిన బెల్టు. డెన్జిల్ మోచేతి పైన బెల్టు బిగించి, చేతికి తువ్వాలు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నన్ను చూడు, డెన్జిల్. చేతికేసి చూడకు. నన్ను చూడు."

"కొనకముందే పాడుచేశానా?" అన్నాడు డెన్జిల్. అతని పెదాలు తెల్లబడ్డాయి. "మీ ఆవిడ వాపసు తీసుకుంటుందా?"

"తీసుకుంటుందిలే. నోరు మూసుకో."

అంబులెన్సు వచ్చేదాకా గేలన్ ఆ చేతిని వదల్లేదు. అందరూ అది చూశారు. ట్వైలా కూడా చూసింది.

* * *

వాళ్ళ నాన్న పేరు థర్మన్. పోయి నెల కావస్తోంది. వరండా మెట్టుమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. అప్పటినుంచి ట్వైలాకి పళ్ళ డాక్టరు దగ్గర మత్తు సూది వేయించుకున్నట్టే ఉంది. అన్నీ కనిపిస్తాయి, అన్నీ వినిపిస్తాయి. ఏదీ తగలదు.

రివాల్వర్ అసలుది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సిపాయిలు వాడినదానికి అచ్చు నకలు, ఇటలీలో చేసింది. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నకలైతే ఏంట్రా, నేనేమన్నా అసలు సిపాయినా?" అనేవాడు థర్మన్. సిలిండర్‌లో ఒక్కో గదిలో విడిగా మందు పోసి, సీసపు గుండు కూరి, వెనకాల నిప్పు రాజేసే రాగి టోపీ తొడిగి కాల్చాలి. కాల్చిన రోజే వేడినీళ్ళతో కడిగి నూనె రాయాలి. లేకపోతే తెల్లారేసరికి తుప్పు. అలాంటిదాన్ని ట్వైలా ఏం చేసుకుంటుంది? గోడకి వేలాడదీస్తే చచ్చిపోతుంది. కాల్చేవాడి చేతిలో ఉండాలి.

డెన్జిల్ ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాడు. "నువ్వు పోతే అది ఎవరికి, థర్మన్?"

"నీకివ్వడం ఇష్టంలేకే పోకుండా ఉన్నాను."

అందుకే డెన్జిల్‌కే అమ్ముదామనుకుంది. క్లబ్బులో దానికో పద్ధతి ఉంది. చచ్చినవాడి తుపాకి కాల్చి చూపించకుండా చేతులు మారదు. తుపాకితో పాటు అతని ఇత్తడి బుడ్డిని కూడా అమ్మేవాళ్ళు పట్టుకురావాలి. మందు పోసే బుడ్డి అది. మూతికి మీట ఉంటుంది, నొక్కితే అతను అలవాటుపడ్డ కొలతే రాలుతుంది. కొనేవాడు అందులోంచే ఒక గదిలో మందు పోసి, పోయినవాడి పేరు చెప్పి, మొదటి గుండు కాలుస్తాడు. ఆ తర్వాతే బేరం.

ఇవాళ ఆమె సంచిలోంచి బుడ్డి తీసి బల్లమీద పెట్టినప్పుడు గేలన్ పక్కనే ఉన్నాడు.

"ఇది ఆర్వల్ దగ్గరుందన్నావుగా?" అన్నాడు.

"లేదు. నా దగ్గరే ఉంది."

అతను ఒక్క క్షణం బుడ్డినే చూశాడు. "సిగరెట్లు బండిలో మర్చిపోయాను" అని వెళ్ళిపోయాడు.

"మందుందా ఇందులో?" అని డెన్జిల్ అడిగాడు.

"నిండుగా ఉంది."

"అరచేతిలో ఒంపి చూసుకో ఓసారి" అన్నారెవరో పక్కనుంచి.

"థర్మన్ బుడ్డిని పరీక్ష చేస్తే పైనుంచి ఉమ్మేస్తాడు నా మీద" అని డెన్జిల్ నవ్వాడు. మందు పోసి, గుండు కూరాడు. టోపీ తొడిగి తుపాకి ఎత్తాడు. "థర్మన్, నీకు ఇష్టమున్నా లేకపోయినా నాకే వచ్చిందిరా ఇది."

ఆ తర్వాతే ఆ 'ఛట్'.

* * *

అంబులెన్సు ఎక్కబోతూ డెన్జిల్ భార్య మార్లా వెనక్కి తిరిగింది. ట్వైలా ఆమెకి చిన్నప్పటినుంచీ తెలుసు. చర్చిలో పక్కపక్క బెంచీలు.

"ఏం పోశావే అందులో?" అంది మార్లా. "మీ నాన్న ఉంటే నిన్ను ఆ తుపాకి దరిదాపులకి రానిచ్చేవాడా? వడ్రంగి చెయ్యే అది. ఆ చేత్తోనే నీ పెళ్ళికి బల్లలు చేశాడు."

ట్వైలాకి ఆ బల్లలు గుర్తొచ్చాయి. ఎనిమిది చేశాడు. లేదు, తొమ్మిది. అంబులెన్సు తలుపు మూసుకుంది.

షెరీఫ్ ఆఫీసు నుంచి డిప్యూటీ వచ్చింది. స్ట్రౌడ్ అని, ముప్ఫై నిండని పిల్ల. వాళ్ళ తాత కూడా ఈ క్లబ్బువాడే, అందుకని ఆమెకి ఎవరూ ఏదీ విడమరచి చెప్పనక్కర్లేదు. విరిగిన రివాల్వర్‌ని నాలుగు పక్కలనుంచీ ఫోటో తీసుకుంది. బుడ్డి దగ్గరికొచ్చి ఆగింది.

"ఇది ఒంపండి, ఆర్వల్ గారూ."

ఆర్వల్ ఒక కాగితం పళ్ళెం తెచ్చి, బుడ్డి మూతి విప్పి ఒంపాడు. నల్లగా బొగ్గు నలిపినట్టు రాలాల్సిన మందు బూడిదరంగు రేకుల్లా రాలింది. మధ్యమధ్య నీలంరంగు రేకులు. పన్నెండుమంది మగాళ్ళు పళ్ళెం చుట్టూ తలలు వంచి చూశారు. 

"తూటాల మందు" అన్నాడు ఆర్వల్ చివరికి. "పొగ రానిది. మన కొలతకి దీన్ని పోస్తే తుపాకి కాదది, బాంబు. డెన్జిల్ తల నిలబడిందంటే దేవుడి దయ."

"ఈ నీలంరేకుల మందు ఇక్కడెవరి దగ్గరుంది?"

"నా దగ్గరుంది" అన్నాడు గేలన్ వెంటనే. "పావురాల వేటకి తూటాలు నేనే నింపుకుంటాను. కింద గదిలో షెల్ఫు నిండా ఉంటుంది. ఈ జిల్లాలో సగంమంది దగ్గరుంది, మేడమ్. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది."

"మా ఇంట్లో పిల్లులే ఉన్నాయి" అంది స్ట్రౌడ్. "లోపల కూర్చుని మాట్లాడదాం."

* * *

క్లబ్బు గదిలో పొయ్యిమీద చిక్కుడుగింజల పులుసు ఇంకా ఉడుకుతోంది. మధ్యాహ్నం పోటీ అయ్యాక అందరూ తినాల్సింది. దాన్ని ఎవరూ దించలేదు. ట్వైలా లేచి దించింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. గేలన్ పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని వేళ్ళ సందుల్లో డెన్జిల్ రక్తం ఎండిపోయి ఉంది.

"బుడ్డి మీరే తెచ్చారు కదా?" అంది స్ట్రౌడ్.

"అవును."

"మందు ఎవరు నింపారు?"

ట్వైలా నోరు తెరిచేలోపే గేలన్ ముందుకు వంగాడు. "చూడండి మేడమ్, తను ఈ నెలంతా మనిషి మనిషిలా లేదు. కాఫీలో ఉప్పేస్తుంది. పొయ్యి వెలిగించి మర్చిపోతుంది. వాళ్ళ నాన్నే తనకి అన్నీ. ఇందులో దురుద్దేశం ఏముంటుంది చెప్పండి. పొరపాటు."

"నేను ఆవిడని అడిగాను."

"చెప్తుంది. చెప్పు, ట్వైలా." అతను గొంతు తగ్గించి ఆమె చెవి దగ్గరికొచ్చాడు. "పొరపాటైందని చెప్పెయ్. పొరపాటుకి జైల్లో పెట్టరు. డెన్జిల్ ఖర్చులు మనం చూసుకుందాం. ఇంటికెళ్ళిపోదాం."

మాట తేలికైనదే. అవునంటే అయిపోతుంది. ఇంటికెళ్ళి పడుకోవచ్చు. రేపటినుంచి ఊళ్ళో ఆమె డెన్జిల్ చెయ్యి తీసేసిన మనిషి. చర్చిలో మార్లా బెంచీ మారుతుంది. వడ్రంగి చెయ్యిలేని డెన్జిల్ రోజూ షాపు ముందు కూర్చుని ఆమె కారు వెళ్ళడం చూస్తాడు. చచ్చేదాకా అంతే. అదంతా ఆమెకి స్పష్టంగానే కనిపించింది, ఎదురింట్లో ఎవరికో జరగబోతున్నట్టు. కాఫీలో ఉప్పు వేసింది నిజం. పొయ్యి మర్చిపోయింది నిజం. మరి ఇది కూడా చేసిందేమో. చేసి మర్చిపోయిందేమో.

"అమ్మా ట్వైలా" అన్నాడు ఆర్వల్. ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో నలుపుతూ. "ఇది నీ తప్పు కాదు తల్లీ. నా తప్పు. గేటు దగ్గర నీ బుడ్డి తిరగెయ్యలేదు నేను."

"అదేంటి?" అన్నాడు గేలన్.

స్ట్రౌడ్ అతనికేసి తిరిగింది. "మీకు తెలీదా?"

"నేను క్లబ్బువాణ్ణి కాదు. ఈ మందు పొగ నాకు పడదు."

"గేటు దాటేముందు ప్రతివాడూ బుడ్డి తలకిందులుగా పట్టుకుని మీట నొక్కి చూపించాలి" అన్నాడు ఆర్వల్. "ఒక్క రేణువు రాలినా ఇంటికి పంపేస్తాను. మందు డబ్బాలోనే ప్రయాణం చెయ్యాలి. బుడ్డి ఇక్కడికొచ్చాకే నింపాలి, వెళ్ళేముందు ఇక్కడే ఖాళీ చెయ్యాలి. ఒకసారి ఒకడి బండి తగలబడింది నిండు బుడ్డితో. అప్పటినుంచి. ఇవాళ ఈ పిల్ల దిగగానే నాకు థర్మన్ దిగినట్టే అనిపించింది. బుడ్డి మాట మర్చిపోయి కౌగిలించుకున్నాను." ఆయన టోపీని మళ్ళీ మెలిపెట్టాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి మర్చిపోయాను."

ట్వైలా ఆయన్నే చూసింది. మత్తులోంచే, నెమ్మదిగా ఒక సంగతి పైకి తేలింది.

నాన్న పోయిన గురువారం ఆమె సాయంత్రం భోజనం పట్టుకెళ్ళింది. రోజూ పట్టుకెళ్ళేదే. మెట్టుమీద ఆయన్ని చూసింది. ఫోన్లు చేసింది. వాళ్ళొచ్చి తీసుకెళ్ళాక వంటింట్లోకి వెళ్ళింది. తలుపు వెనక మేకుకి బుడ్డి వేలాడుతోంది. దానికి నాన్న చేతి వాసన ఉంటుందని తీసి గుండెకి అదుముకుంది. బరువుగా ఉంది. బరువుగా ఉందని తెలిసింది. అంతకు మించి ఆలోచన రాలేదు. ఇంటికి తెచ్చి స్వెట్టరులో చుట్టి బీరువాలో పెట్టుకుంది.

"నేను నింపలేదు" అంది.

"ట్వైలా" అన్నాడు గేలన్.

"నేను నింపలేదు, ఆర్వల్ బాబాయ్. మేకుమీంచి తీసినప్పుడే నిండుగా ఉంది."

"అలా ఉండదు తల్లీ" అన్నాడు ఆర్వల్. "అంతకుముందు శనివారం వెళ్ళేటప్పుడు గేటు దగ్గర మీ నాన్న తిరగేసి నొక్కి చూపించాడు. నా బూటుమీద నొక్కాడు ఎగతాళికి. ఖాళీ. మళ్ళీ పోటీ వచ్చేదాకా ఆ బుడ్డి ఖాళీగా ఉండాలి."

"అందుకే కదా చెప్తున్నాను" అన్నాడు గేలన్. "పొద్దున వంటింటి బల్లమీద పెట్టుకుని తనే నింపింది. నేను చూశాను. మామ డబ్బాలోంచి పోసింది, అది చాలకపోతే కిందికెళ్ళి నా షెల్ఫులోంచి తెచ్చింది. రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయి. నేనే ఆపాల్సింది. అదీ నా బాధ."

 ఆర్వల్ టోపీ నలపడం మానేశాడు.

"ఏ డబ్బా?" అన్నాడు.

"మామ డబ్బా. మందు డబ్బా."

"ఏ డబ్బా, గేలన్?"

"ఆయన షెడ్డులో ఉండేది, అదే..."

"అది నేను తీసుకెళ్ళాను. అంత్యక్రియల పొద్దున నేనే వెళ్ళి షెడ్డులోంచి తీసుకొచ్చాను. పోయినవాడి మందు ఇంట్లో ఉండకూడదు, అది మా పద్ధతి. సమాధి గుంట దగ్గర నిలబడి, తుపాకుల్లో పోసి మొత్తం గాల్లోకి కాల్చేశాం. డబ్బా అడుగు గోకి మరీ కాల్చాం. చివరికి ఒకడికి సగం కొలతే వచ్చింది." ఆర్వల్ ఒక అడుగు ముందుకేశాడు. "ఊరంతా చూసింది. పాస్టరు దగ్గలేక చచ్చాడు. నువ్వెక్కడున్నావు?"

గేలన్ ఎక్కడున్నాడో ట్వైలాకి తెలుసు. స్మశానం గేటు బయట, ఫోన్లో. కంకర కంపెనీవాళ్ళు. నది ఒడ్డున నాన్న పొలం కింద మంచి కంకర ఉంది. రెండేళ్ళుగా వాళ్ళు తిరుగుతున్నారు. పొలం వచ్చేలా చేస్తే గేలన్‌కి అక్కడ మేనేజరు ఉద్యోగం ఇస్తామన్నారు. నాన్న ప్రతిసారీ వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపేసేవాడు. "ఆ నేల నది నాకిచ్చింది. నదికే వదిలేస్తా. నేను పోయాక మీ ఇష్టం" అన్నాడు ఒకసారి, గేలన్ ఎదురుగానే. గేలన్ కూడా నవ్వాడప్పుడు.

"అయితే మొత్తం నా షెల్ఫులోంచే పోసిందేమో" అన్నాడు గేలన్. "నాకేం తెలుసు? నిద్రమత్తులో ఉన్నాను."

"చూశానన్నారు" అంది స్ట్రౌడ్.

"సరిగ్గా చూడలేదు."

"రెండు డబ్బాలు చూశారు. ఒకటి చాలకపోవడం చూశారు. ఆవిడ కిందికెళ్ళడం చూశారు. నిద్రమత్తులో ఇంత చూసేవాళ్ళు మా డిపార్టుమెంటులో కూడా లేరు, గేలన్ గారూ."

గేలన్ చెయ్యి ట్వైలా చేతిమీద ఇంకా ఉంది. బరువుగా ఉంది. ఆమె తన చెయ్యి మెల్లగా లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

శవపేటిక దించిన రాత్రి గేలన్ అడిగాడు: "మీ నాన్న ఇత్తడి బుడ్డి ఎక్కడుంది? జ్ఞాపకంగా నేనుంచుకుంటాను." అతనికి నాన్నమీద అంత ప్రేముందని ఆమె అనుకోలేదు. ఆ బుడ్డిని ఎవరితోనూ పంచుకోవాలని లేక, ఆర్వల్‌కిచ్చేశానని అబద్ధం చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు భోజనాల దగ్గర, కారులో, ఊరికే అడిగినట్టు అడిగేవాడు: "ఆర్వల్ ఏమన్నా అన్నాడా?" దేని గురించి అని ఆమె ఒక్కసారీ అడగలేదు. అడిగే ఓపిక లేదు.

ఇవాళ బుడ్డి బల్లమీద చూశాడు. చూసి, సిగరెట్లకి వెళ్ళాడు. డెన్జిల్ మందు పోసి, గుండు కూరి, టోపీ తొడిగి, జోకు వేసి, తుపాకి ఎత్తేంత సేపు ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదు. పేలాక మాత్రం తువ్వాలుతో వచ్చాడు. బెల్టు అప్పటికే చేతిలో ఉంది.

నాన్నకి ఏమీ అయ్యేది కాదు. ఇంకెవరికైనా ఆ సంగతి తట్టిందో లేదో గానీ ఆమెకి తట్టింది. శనివారం పొద్దున మేకుమీంచి బుడ్డి తీస్తే బరువు తెలిసేది. ఇదేంట్రా నిండుగా ఉంది అని అరచేతిలో ఒంపుకునేవాడు. నీలంరేకులు చూసేవాడు. బుడ్డి నిండుగా వేలాడుతుందనుకునేవాడు క్లబ్బువాడు కాడు. మేకుమీద ఎప్పుడూ ఖాళీ బుడ్డే ఉంటుందని తెలియనివాడు మాత్రమే దాన్ని అలా నింపిపెట్టగలడు. నాన్న పట్టుకునేవాడు. శనివారం దాకా బతికుంటే.

ఆమె పట్టుకోలేదు. బరువు చేతికి తెలిసినా పట్టుకోలేదు. దానికి డెన్జిల్ చెయ్యి పోయింది.

స్ట్రౌడ్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. గొంతు తగ్గించింది గానీ గదిలో అందరికీ వినిపించింది.

"ట్వైలా గారూ. శనివారం ఆ బుడ్డి ఖాళీ. గురువారం మీరు తీసేటప్పటికి నిండు. మధ్యలో ఆ ఇంటికి వెళ్ళిందెవరు?"

"నేను. రోజూ సాయంత్రం."

"మీరు కాక?"

"ట్వైలా, లే. ఇంటికెళ్దాం" అన్నాడు గేలన్. "లాయరు లేకుండా ఒక్క మాట కూడా మాట్లాడకు. నీకు ఒంట్లో బాలేదు."

"కూర్చోండి" అంది స్ట్రౌడ్.

"నా పెళ్ళాంతో నేను మాట్లాడుతున్నాను."

"కూర్చోరా" అన్నాడు ఆర్వల్.

గేలన్ కూర్చున్నాడు. ట్వైలాకేసి తిరిగాడు. ఆ ముఖంలో కోపం లేదు, బతిమాలడం ఉంది. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో అతను అలా చూడటం ఆమె ఎప్పుడూ ఎరగదు. ఆ చూపుకి తనలో ఏదో ఒకటి కదులుతుందని ఎదురుచూసింది. ఏమీ కదల్లేదు. పులుసు గిన్నె మీద మూత టక్కున పక్కకి జారింది.

"బుధవారం నీళ్ళ మోటారు పాడైంది" అంది ట్వైలా. "బాగుచెయ్యడానికి ఒకరు వెళ్ళారు. మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నారు. నాన్న చీకటి మోటారు గదిలో లాంతరు పట్టుకుని నిలబడితే, ఆ మనిషి స్పానర్ కోసమని రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళొచ్చాడట. ఆ రాత్రి నాన్నే ఫోన్లో చెప్పాడు, మెచ్చుకుంటూ. ఇంతకాలానికి నాకు పనికొచ్చాడే అన్నాడు."

"ఎవరు?"

"ట్వైలా" అన్నాడు గేలన్ మళ్ళీ, ఈసారి చాలా మెల్లగా.

"పేరు చెప్పాలమ్మా" అంది స్ట్రౌడ్. "నేను విన్నట్టు ఉండాలి."

ట్వైలా డిప్యూటీకేసే చూస్తూ, అడ్రసు చెప్పినంత మామూలు గొంతుతో చెప్పింది.

"నా మొగుడు. గేలన్."